మలయాళీలు, మనం: గల్ఫ్‌కు కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్నకు జవాబులు

ప్రశ్న (మెట్‌పల్లి దగ్గరి పల్లె, ప్రస్తుతం అబూధాబి, ముసఫ్ఫా)

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది జగిత్యాల జిల్లా. ఈ మధ్యనే ఒక నిర్మాణ కంపెనీలో హెల్పర్‌గా చేరాను. మా క్యాంపులో మనవాళ్లతో పాటు మలయాళీలు కూడా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఫోర్‌మెన్లు, స్టోర్ కీపర్లు, టైమ్ కీపర్లు. మనవాళ్లు మాత్రం దాదాపు అందరూ హెల్పర్లే. సెలవు రోజున వాళ్లకు సంఘం ఉంటుంది, సమావేశం ఉంటుంది. మనకు పడక, ఫోను తప్ప మరేమీ లేదు. ఒకే దేశం నుంచి ఒకే చోటికి బతకడానికి వచ్చిన రెండు జనాల మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చింది? లోపం మనలోనే ఉందా? నేను ఎవరితో ఉంటే, ఏం చేస్తే బాగుపడతానో అనుభవం ఉన్నవారు చెప్పాలని మనవి.

జవాబు (కరీంనగర్, ప్రస్తుతం షార్జా, అకౌంట్స్ పని)

తమ్ముడూ, మీ ప్రశ్నలో ఉన్న బాధ నాకు అర్థమైంది. కానీ పోలికను ముందుగా సరిచేసుకోవాలి. మీరు మలయాళీ ఫోర్‌మన్‌ను తెలంగాణ హెల్పర్ పక్కన నిలబెట్టి చూస్తున్నారు. మలయాళీ హెల్పర్‌ను తెలంగాణ హెల్పర్ పక్కన నిలబెడితే జీతం, గది, పని గంటలు అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. ఈ దేశంలో భార్యాపిల్లలను తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హంల జీతమో, 3,000 దిర్హంల జీతంతో పాటు కంపెనీ ఇచ్చే వసతో ఉండాలి. ఆ గీతకు కింద ఉన్నవాడు మలప్పురం వాడైనా మల్యాల వాడైనా ఒంటరిగా బతకవలసిందే. కాబట్టి అడగవలసింది ఎవరు తెలివైనవారని కాదు. ఆ గీతను దాటినవాళ్లు వాళ్లలో అంతమంది ఎలా అయ్యారు, మనలో ఎందుకు కాలేదు అన్నది అసలు ప్రశ్న.

ఇందులో మొదటి సంగతి కాలం. 1960లలో మలయాళీలు లాంచీలెక్కి, వీసా కూడా లేకుండా ఖోర్‌ఫక్కాన్ తీరంలో దిగారు. వాళ్లు కూడా కూలికే వచ్చారు. 1970లలో చమురు ధర పెరిగి ఇక్కడ రోడ్లు, ఓడరేవులు, ఆసుపత్రులు కట్టడం మొదలైనప్పుడు ఆ ముందు వచ్చినవాళ్లు తమ్ముళ్లను, బావమరుదులను పిలిపించుకున్నారు. మన ఉత్తర తెలంగాణకు అప్పట్లో వేరే దారులుండేవి. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మన ఊళ్లలో ఊరికే అనలేదు కదా. మగ్గం మీద బతికేవారు భివండీకి పోయారు, ఇంకొందరు సింగరేణిలో దిగారు. బోర్లు ఎండి, బోరు కోసం చేసిన అప్పు మిగిలిన తరువాతే చాలామంది రైతులు మూడో దారి పట్టారు. మనం వచ్చేసరికి మలయాళీల పిల్లలు చదువుకొని ఆఫీసు పనుల్లోకి ఎక్కుతున్నారు. వాళ్లు ఖాళీ చేసిన కింది మెట్టు మీద మనం నిలబడ్డాం. ఈ మధ్య ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం పోవడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) తీసుకొని వచ్చే కార్మికుల్లో ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్లే ముందుంటున్నారు. మీ క్యాంపులోనే ఆ మార్పు మీకు కనిపిస్తూ ఉండాలి.

చదువు సంగతి కూడా దీనికి ముడిపడి ఉంది. 2011 జనాభా లెక్కల్లో కేరళ అక్షరాస్యత 94 శాతం. అదే లెక్కల ప్రకారం నేటి తెలంగాణ ప్రాంతానిది 66.5 శాతం. పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కరలేని పాస్‌పోర్టు వస్తుంది, పాస్ కానివారికి రాదు. దరఖాస్తు నింపడానికి, సైట్ మీద డ్రాయింగ్ చదవడానికి, ఇంజినీరు రాసిన ఈమెయిలు అర్థం చేసుకోవడానికి ఆ తేడా ప్రతిరోజూ పనిచేస్తుంది.

కానీ నా లెక్కలో ఈ రెండింటికంటే పెద్ద తేడా అప్పు. నేను లెక్కలు చూసేవాడిని కాబట్టి లెక్కగానే చెబుతాను. మన చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోవలసిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మన పల్లెల్లో లక్ష దాటి ఇచ్చి వచ్చినవారే ఎక్కువగా కలుస్తారు. మీరు లక్షా యాభై వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారనుకోండి. నెలకు మిత్తి ఒక్కటే 4,500 రూపాయలు. జీతం 1,000 దిర్హంలు, తిండికీ ఫోనుకూ సబ్బుకూ 400 పోతే 600 మిగులుతాయి. దిర్హం 23 రూపాయలనుకున్నా అది 13,800 రూపాయలు. అందులో మూడో వంతు, అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గకముందే, షావుకారి ఇంటికి పోతుంది. అదే గదిలో, అదే జీతానికి ఉన్న మలయాళీకి మేనమామ తీసిన వీసా దొరికి, విమాన టికెట్ ఖర్చుతోనే వచ్చి ఉంటే, మొదటి నెల నుంచే అతని 13,800 అతని ఇంటికి చేరుతాయి. రెండేళ్ల తరువాత అతను సెలవుల్లో ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సుకో, సేఫ్టీ కోర్సుకో డబ్బు కట్టగలుగుతాడు. ఇంటి ఖర్చు కూడా అందులోంచే పోయే మనవాడు అప్పటికి ఇంకా అసలు తీరుస్తుంటాడు. మీకు ఫోర్‌మన్ కనిపిస్తున్నాడు, ఆ రెండేళ్లు కనిపించడం లేదు.

మలయాళీలందరికీ ఇలా మేనమామలు ఉంటారని నేను అనడం లేదు. ఏజెంటు చేతిలో మోసపోయి, వీసా దాటి, మన భాషలో చెప్పాలంటే ఖల్లివెల్లి (కాగితాలు లేనివారు) అయిన మలయాళీలను కూడా నేను చూశాను. ఫోర్‌మన్ తన ఊరివాడికే ఓవర్‌టైం రాసే సంగతి కూడా నిజమే, దాన్ని దాచవలసిన పని లేదు. కానీ అది మలయాళీల గుణమనుకోవద్దు, కుర్చీ గుణం. మనవాడు ఆ కుర్చీలో కూర్చున్న చోట మన ఊరివాడికి రాయడం కూడా చూశాను.

ఇక సంఘాల విషయం. కేరళ ప్రభుత్వం ప్రవాసుల కోసం 1996లోనే నోర్కా అనే శాఖను పెట్టింది. 2002లో ఆ శాఖ పనులు నడిపే నోర్కా రూట్స్ సంస్థ వచ్చింది. 2008 చట్టంతో సంక్షేమ బోర్డు ఏర్పడింది. అందులో సభ్యుడై కనీసం ఐదేళ్లు చందా కట్టినవారికి 60 ఏళ్లు నిండాక పింఛను వస్తుంది. 1998 నుంచి అక్కడి వలసలను కొన్నేళ్లకోసారి సర్వే చేస్తూ వస్తున్నారు. 2023 సర్వే 22 లక్షల మంది ప్రవాసులను అంచనా కట్టింది. ఎంతమంది ఎక్కడున్నారో తెలిసినప్పుడే ప్రభుత్వం వాళ్లకు ఓటు విలువ కూడా ఇస్తుంది. తెలంగాణలో విదేశీ ఉద్యోగాలు చూపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. 2024లో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇచ్చే ఉత్తర్వు కూడా వచ్చింది. ఇది తక్కువ సాయం కాదు, ఎన్నో ఏళ్లు అడిగితే వచ్చింది. అయినా ఒక పక్క బతికి తిరిగి వచ్చినవాడికి పింఛను, మరో పక్క చనిపోయినవాడి ఇంటికి పరిహారం. ఈ రెండు ఏర్పాట్లలో ప్రవాసి గురించి చేసిన ఆలోచన ఒకటి కాదని నా అభిప్రాయం.

రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుంచి దేశానికి వచ్చిన డబ్బులో కేరళ వాటా 19.7 శాతం, తెలంగాణ వాటా 8.1 శాతం. ఈ 8.1 శాతం చూసి మన గల్ఫ్ కార్మికుడి స్థితిని ఊహించవద్దు. వరంగల్ ఎన్‌ఐటీలో చదివి డల్లాస్ పోయిన ఇంజినీరు పంపే డాలర్లు, రాయికల్ నుంచి వచ్చిన మేస్త్రీ పంపే దిర్హంలు ఆ ఒక్క అంకెలోనే కలిసి ఉన్నాయి. ఒకే రాష్ట్రం నుంచి వెళ్లిన ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరం, నిజానికి, మీకూ మీ మలయాళీ ఫోర్‌మన్‌కూ మధ్య ఉన్న దూరం కంటే పెద్దది.

మీరు చేయగలిగినవి చెబుతాను. ఒప్పందంలో మొత్తం జీతం కాకుండా మూల వేతనం ఎంత రాశారో చూడండి. ఏడాది నిండాక ఉద్యోగం వదిలితే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల లెక్కన వచ్చే గ్రాట్యుటీని, ఓవర్‌టైంను మూల వేతనం మీదే కడతారు. జీతం 1,000 అయినా మూల వేతనం 600 అని రాసి ఉంటే మీ లెక్కలన్నీ 600 మీదే నడుస్తాయి. మలయాళీలు సంతకానికి ముందే ఈ అంకె అడగడం నేను ఎన్నోసార్లు చూశాను, మనవాళ్లు అడగడం అరుదు. నెలకు 5 దిర్హంలతో నిరుద్యోగ బీమా తప్పనిసరి, అది కట్టకపోతే జరిమానా పడుతుంది. మీది క్లియరెన్స్ కావలసిన పాస్‌పోర్టు అయితే బయలుదేరేటప్పుడే ప్రవాసీ భారతీయ బీమా చేసి ఉంటారు. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయలు వచ్చే ఆ పాలసీ కాగితం మీ సూట్‌కేసులో ఉండి లాభం లేదు, అది ఇంట్లో ఉండాలి. పాస్‌పోర్టును కంపెనీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం.

అన్నింటికంటే ముందు, మిత్తి ఎక్కువగా ఉన్న అప్పును తీర్చండి. ఇల్లు కట్టడం, చెల్లె పెండ్లి ఘనంగా చేయడం దాని తరువాతి సంగతి. ఈ మాట ఇంట్లో చెప్పడం కష్టమని తెలుసు. దుబాయి పోయినవాడు అన్నప్పుడు ఊరు అతని నుంచి ఆశించేది వేరుగా ఉంటుంది.

మరో జవాబు (హన్మకొండ, ప్రస్తుతం కువైట్, నర్సు)

అన్నగారు రాసినదానిలో అప్పు లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కానీ రెండు జనాల బాగోగులను పోల్చేటప్పుడు మగవాళ్ల క్యాంపు దగ్గరే ఆగిపోయారు. నేను పనిచేసే ఆసుపత్రిలో మలయాళీ నర్సులే ఎక్కువ. వాళ్లు ఎవరి భార్యలుగానో ఇక్కడికి రాలేదు. తమ చదువుతో, తమ వీసా మీద వచ్చారు, కొందరు ఆ తరువాత భర్తలను తెచ్చుకున్నారు. 2023 కేరళ సర్వేలో ప్రవాసుల్లో ఆడవాళ్ల వాటా 19.1 శాతం అని తేలింది. అంతకు ముందు 2018లో అది 15.8 శాతం. మలయాళీ కుటుంబాల్లో రెండో జీతం ఎక్కడి నుంచి వస్తుందో ఇందులో కొంత కనిపిస్తుంది. మా నర్సుల్లో చాలామందికి గల్ఫ్ చివరి మజిలీ కూడా కాదు. ఇక్కడ అనుభవం సంపాదించి, ఇంగ్లీషు పరీక్ష రాసి, బ్రిటన్‌కో ఐర్లండ్‌కో పోతున్నారు.

మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో దుబాయి పోయినవాడి భార్య ఏం చేస్తుందో మీ అందరికీ తెలుసు. బీడీలు చుడుతుంది. అత్తమామలను చూస్తుంది, పిల్లలను బడికి పంపుతుంది, మిత్తికి వచ్చినవాడికి జవాబు చెబుతుంది. భర్త డబ్బు ఆలస్యమైన నెలలో ఇల్లు గడిచేది ఆమె బీడీల కూలితోనే. ఆమె కష్టాన్ని లెక్కలో చేర్చకపోతే మన కుటుంబాలు ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తాయి, ఎందుకంటే దిర్హంల సంపాదన ఒక్కటే బయటికి కనబడుతుంది.

కాబట్టి తమ్ముడికి నా సలహా వేరు. మీకు పెండ్లయి ఉంటే డబ్బు మీ భార్య పేరు మీద ఉన్న ఖాతాకు పంపండి, నాన్న చేతికో అన్న చేతికో కాదు. ఏ అప్పు ఎంత ఉందో, ఎవరికి ఎంత కట్టామో ఆమెకు తెలియాలి. బీడీల కంపెనీలో ఆమెకు పీఎఫ్ కార్డు ఉందో లేదో అడగండి. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికుల్లో అర్హులైనవారికి నెలకు 2,016 రూపాయల ప్రభుత్వ పింఛను ఉంది, అర్హత ఉంటే దాన్ని వదులుకోవద్దు. చెల్లె ఉంటే, పెండ్లికి చేసే ఖర్చులో కొంత ఆమె నర్సింగ్ చదువుకు పెట్టగలరేమో ఇంట్లో మాట్లాడండి. ఇలా చెబితే మా ఊళ్లో నన్ను తిట్టేవాళ్లు ఉన్నారు. అయినా చెబుతాను.

జవాబు (కరీంనగర్, షార్జా)

అక్కా, మీరు చెప్పింది న్యాయమైన మాట. నా లెక్కలో ఆ పద్దు చేరలేదు. పెండ్లి ఖర్చు విషయంలో మాత్రం చిన్న అభ్యంతరం ఉంది. చెల్లె చదువుకు నాలుగేళ్లు పడుతుంది, తమ్ముడి మిత్తి ప్రతి నెలా పెరుగుతుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టవద్దని, అప్పు సగానికి వచ్చాక చదువు మొదలుపెట్టాలని నేను అనుకుంటాను.

తమ్ముడూ, సంఘం గురించి మీరు అడిగింది మిగిలిపోయింది. మలయాళీల సమావేశానికి పిలిస్తే వెళ్లండి, ఎవరూ వద్దనరు. అక్కడ ఖాళీ ఉద్యోగాల సమాచారం దొరుకుతుంది, డ్రైవింగ్ పరీక్ష ఎలా రాయాలో చెప్పేవాళ్లు దొరుకుతారు. మనవాళ్లు సంఘంగా కూడడం ఇంకా బతుకమ్మకు, ఎవరైనా చనిపోయినప్పుడు శవాన్ని పంపే చందాకు మాత్రమే ఎక్కువగా జరుగుతున్నది. మీ క్యాంపులో పదిమంది తెలంగాణవాళ్లున్నా, వాళ్ల ఒప్పందాల్లోని మూల వేతనాలను ఒక కాగితం మీద రాయించండి. ఒకే పనికి ఒక్కొక్కరికి ఒక్కో అంకె ఉంటే అది అప్పుడే బయటపడుతుంది. మీ ఒప్పందం ఫొటో నాకు పంపితే అరబ్బీ పక్కన ఉన్న ఇంగ్లీషు చదివి చెబుతాను. పేరు, పాస్‌పోర్టు నంబరు కనిపించకుండా వేలు అడ్డం పెట్టి ఫొటో తీయండి.