అమ్మ గోళ్లు గుంటలు పడ్డాయి, మీలో ఎవరింట్లోనైనా ఇలా జరిగిందా?

గోదారిపిల్ల:
అమ్మకు 52 ఏళ్లు. గోళ్లు మధ్యలో లోపలికి పోయి అంచులు చెంచాలా పైకి లేచాయి. నీటిచుక్క వేస్తే నిలబడుతోంది. మెట్లెక్కితే ఆయాసం. మా బాబు గోళ్ల మీదేమో తెల్ల మచ్చలు. ఏ పరీక్షలు చేయించాలి?

పల్నాటివాడు:
బాబుకి కాల్షియం తక్కువ. పాలు పట్టండి, పోతాయి.

ల్యాబన్న_వరంగల్:
కాల్షియంకీ ఆ మచ్చలకీ సంబంధం లేదన్నా. గోరు మొదట్ల చిన్న దెబ్బ తాకినా, గోళ్లు కొరికినా వస్తయి.

పల్నాటివాడు:
మావాడికి పాలతోనే పోయాయి, కళ్లారా చూశా. ల్యాబులో కూర్చుంటే పిల్లల్ని పెంచినట్టా?

ల్యాబన్న_వరంగల్:
గోరు నెలకు మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతది. మచ్చ దాంతోనే ముందుకొచ్చి కత్తిరిస్తే పోతది. పాలు తాగినా, తాగకున్నా పోతది. రోజూ రిపోర్టులు చూసేటోణ్ని, నాకు చెప్పకు.

నూజివీడు:
కొంగలు ఎగిరిపోతుంటే గోళ్లు రుద్దుకుంటూ "కొంగా కొంగా గోళ్లపూలు" అని అరిచేవాళ్లం. ఎవరికి ఎక్కువ పూస్తే వాడే గొప్ప. దానికింత గొడవెందుకండీ?

సీమబిడ్డ:
మా నాయన వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగినాయి. బీడీలు తాగే చేతులంతేలే అన్నారు ఊర్లో. నేను ఇనలేదు, ఎక్స్‌రే తీయిస్తి. ఊపిరితిత్తిలో గడ్డ! తొందరగా దొరికింది కాబట్టి ఆపరేషన్ చేసినారు. రెండు చూపుడువేళ్ల గోళ్లు ఎదురెదురుగా ఆనించి చూడండి. మధ్యలో చిన్న సందు కనపడాల. కనపడకుంటే డాక్టరు దగ్గరికి పోండి.

శాంతక్క:
అసలు అడిగింది అమ్మ గురించి కదా! చెంచా గోళ్లంటే ముందు అనుమానించాల్సింది ఐరన్ లోపం. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించమ్మా. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతే. మాత్రలతో ఆగొద్దు, రక్తం ఎటు పోతోందో కనుక్కోవాలి. నెలసరి ఎక్కువవుతోందా, మొలలున్నాయా, మలం నల్లగా వస్తోందా? మా ఆడపడుచుకు కడుపులో పుండు అలాగే బయటపడింది. మాత్ర వేసుకున్న వెంటనే టీ ఇవ్వకు, ఐరన్ ఒంటికి పట్టదు.

పల్నాటివాడు:
ఇప్పుడు టీ కూడా మానాలా?

శాంతక్క:
మానమని ఎవరన్నారు? గంటో రెండు గంటలో ఆగి తాగమన్నాను. చదివి మాట్లాడండి.

గోదారిపిల్ల:
అక్కా, నెలసరి ఆగి మూడేళ్లయింది. మొలలున్నాయో లేవో నాతో చెప్పదు.

శాంతక్క:
అయితే రక్తం పోయేది నెలసరితో కాదు, అస్సలు ఆలస్యం చేయకు. డాక్టరు గదిలోకి నువ్వూ వెళ్లు, నువ్వే అడుగు.

నూజివీడు:
నా బొటనవేలి గోరుకు నల్లటి నిలువు గీత ఉంది. ఇదీ ఐరనేనా?

ల్యాబన్న_వరంగల్:
కాదన్నా. మన రంగు చర్మానికి అసొంటి గీతలు మామూలే. కానీ ఒక్క గోరుకే ఉండి వెడల్పయితున్నా, నలుపు గోరు పక్క చర్మంలకు పాకినా చర్మం డాక్టరుకు చూపియ్యి. ఫొటో పెట్టు, ఎన్ని గోళ్లకుంది?