ఆఫీసు పీసీకి రిమోట్ కనెక్షన్: బ్రౌజర్ చాలా, యాప్ వేసుకోవాలా?

ప్రశ్న

ఇంటి నుంచి ఆఫీసు విండోస్ పీసీలోకి ఇన్నాళ్లూ బ్రౌజర్‌లోనే లాగిన్ అవుతున్నాను. పనైతే జరుగుతోంది కానీ అవతల ఏదో ఫైల్ మూసేద్దామని కంట్రోల్ డబ్ల్యూ కొడితే ఇక్కడ నా ట్యాబే ఎగిరిపోతోంది, ఆల్ట్ ట్యాబ్ నొక్కితే నా ల్యాప్‌టాప్ విండోలే మారుతున్నాయి, రెండో మానిటర్ ఊరికే పడి ఉంటోంది. ఐటీ వాళ్లు కావాలంటే డెస్క్‌టాప్ యాప్ వాడుకోమన్నారు. నా అనుమానమల్లా సెక్యూరిటీ గురించే. యాప్ బ్రౌజర్ కంటే సేఫా, లేక కొత్త తలనొప్పా?

జవాబు 1

వేసుకోండి. ఫుల్‌స్క్రీన్‌లో ఆల్ట్ ట్యాబ్ అవతలి పీసీకే పోతుంది, రెండు మానిటర్లూ పనికొస్తాయి. స్పీడ్ కూడా తేడా తెలుస్తుంది, ఎందుకంటే ఆర్‌డీపీ (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్) యాప్ వీలైతే పోయిన డేటా కోసం ఆగని యూడీపీ పద్ధతి వాడుకుంటుంది, బ్రౌజర్‌లో మామూలుగా వెబ్‌సాకెట్, అంటే టీసీపీ. టీసీపీలో ఒక్క ప్యాకెట్ (డేటా ముక్క) పోయినా వెనకవన్నీ దాని కోసం ఆగాల్సిందే, మౌస్ కదిపిన కాసేపటికి గానీ స్క్రీన్ కదలకపోవడం అందుకే.

సెక్యూరిటీ అంటారా, యాప్ కంటే దారి ముఖ్యం. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకూడదు. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో పాస్‌వర్డ్ తెలియకుండానే పాత విండోస్‌లలోకి దూరే వీలుండేది. వీపీఎన్ లేదా గేట్‌వే (ముందు లాగిన్ తనిఖీ చేసి లోపలికి పంపే సర్వర్) ద్వారానే వెళ్తున్నారో లేదో మీ ఐటీ వాళ్లని అడగండి.

జవాబు 2

దారి సరే, సెట్టింగులు కూడా చూసుకోండి. రిమోట్ డెస్క్‌టాప్ యాప్‌లో షో ఆప్షన్స్, అందులో లోకల్ రిసోర్సెస్. క్లిప్‌బోర్డ్‌కి టిక్ ఉందంటే ఇక్కడ మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్ అవతలి మెషీన్‌కీ అందుతుంది. అక్కడే మోర్ నొక్కితే డ్రైవ్‌లు కనిపిస్తాయి, వాటికి టిక్ పెట్టారో, అవతల రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) పడితే మీ ఫైళ్లకీ ఎసరే. ఇంకోటి, అవతలి కంప్యూటర్ ఎవరిదో నిర్ధారించలేకపోతున్నామని సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది చూడండి, దానికి “మళ్లీ అడగొద్దు” టిక్ పెట్టి ఎస్ కొట్టేయడం చాలామందికి అలవాటు (ఐటీ వాళ్లతో సహా!). ఆ సర్టిఫికెట్ థంబ్‌ప్రింట్ (దాన్ని గుర్తుపట్టే అంకెలు, అక్షరాల వరుస) ఐటీ వాళ్లని అడిగి ఒక్కసారి పోల్చుకుంటే పోయే పని.

జవాబు 3

ఒక్కచోట మాత్రం నా ఓటు బ్రౌజర్‌కే. వేరేవాళ్ల కంప్యూటర్‌లో కూర్చున్నప్పుడు యాప్ వాడి పాస్‌వర్డ్ సేవ్ చేస్తే అది ఆ కంప్యూటర్‌లోనే, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉండిపోతుంది, ప్రైవేట్ విండో అయితే మూసేసి లేచిపోవచ్చు. అయితే ఆ మెషీన్‌లో కీలాగర్ (నొక్కిన ప్రతి కీనీ రాసుకునే ప్రోగ్రామ్) ఉంటే రెండూ దండగే.

ప్రశ్న అడిగినవారు

థాంక్సండీ. డ్రైవ్‌లకి టిక్ లేదు, చూశాను. క్లిప్‌బోర్డ్ తీసేద్దామంటే ఎక్సెల్ నుంచి కాపీ పేస్ట్ రోజూ అవసరం, ఎలా మరి?

జవాబు 2

అయితే ఉంచుకోండి. పాస్‌వర్డ్ మేనేజర్ వాడుతుంటే, కాపీ చేసింది కొన్ని సెకన్లకి దానంతటదే చెరిగిపోయే సెట్టింగ్ చాలావాటిలో ఉంటుంది, అది ఆన్ చేయండి. కాపీ చేసినవాటిని గుర్తుంచుకునే విండోస్ క్లిప్‌బోర్డ్ హిస్టరీ మాత్రం ఆఫ్ చేసేయండి, రెండు పీసీల్లోనూ.