అమ్మ పంపిన చీరకి 22 పౌండ్లు కట్టా. వెనక్కి వస్తాయా?

లీడ్స్_బుజ్జి: సంక్రాంతికి అమ్మ ఇండియా నుంచి ఇక్కడ యూకేకి పోస్టులో ఓ చీర, జాకెట్టు ముక్క, కిలో కారప్పూస పంపింది. పార్సెల్ బదులు కార్డు వచ్చింది: వ్యాట్ 14 పౌండ్లు, హ్యాండ్లింగ్ ఫీజు 8. కట్టి తెచ్చుకున్నా. గిఫ్ట్‌కి ట్యాక్స్ ఏంటండీ?

గోదారోడు: 39 పౌండ్ల లోపు గిఫ్ట్ అయితే వ్యాట్ లేదమ్మా. అంటే సుమారు నాలుగున్నర వేల రూపాయలు. దాటితే మాత్రం దాటినంత వరకే కాదు, మొత్తం మీద పడుతుంది, పోస్టేజీ కూడా కలుపుకుని. ముందు పెట్టె మీద కస్టమ్స్ ఫారం చూడు. గిఫ్ట్ గడిలో టిక్ ఉందా?

స్లావ్_శీను: నాకు టిక్ ఉన్నా వ్యాట్ వేశారు. కట్టిన వ్యాట్ వెనక్కి అడగాలంటే, ఇక్కడి పోస్టు వాళ్లు (రాయల్ మెయిల్, పార్సెల్‌ఫోర్స్) తెచ్చిన వాటికి బీఓఆర్ 286 ఫారం, కొరియర్ అయితే సీ285. లేబుల్, కట్టిన రసీదు జతచేసి పంపా. వ్యాట్ వెనక్కి వచ్చింది, హ్యాండ్లింగ్ ఫీజు రాలేదు. అక్కా, ఆ అట్టపెట్టె మాత్రం పారేయకు.

లీడ్స్_బుజ్జి: అయ్యో, నిన్ననే రీసైక్లింగ్ బిన్‌లో వేశా! వెళ్లి చూసొస్తా.

భీమవరం_పద్మ: మీదింకా నయం. మా అత్తయ్య చికెన్ పచ్చడి, నెయ్యి పంపింది. రెండూ తీసేశారు, గోంగూర పచ్చడి మాత్రం చేరింది. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు పోస్టులో రానివ్వరు, సీసా ఎంత గట్టిగా సీల్ చేసినా.

గోదారోడు: చికెన్ పచ్చడి పోయిందా! ఏ రిఫండూ తీర్చలేని నష్టం.

లీడ్స్_బుజ్జి: దొరికింది. నూనె మరక పడింది కానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. గిఫ్ట్ దగ్గర టిక్ ఉంది. విలువ 6,000 రూపాయలు అని రాసుంది! చీర, ముక్క, కారప్పూస అన్నీ కలిపి 3,400 అని అమ్మే చెప్పింది.

స్లావ్_శీను: అయితే తప్పు కస్టమ్స్ వాళ్లది కాదక్కా, రాసిన అంకె చూసే వేశారు. షాపు బిల్లు వాట్సాప్‌లో తెప్పించుకుని ఫారంతో జతచెయ్యి. ఒప్పుకుంటారని గ్యారంటీ లేదు, కానీ అడగడానికి ఖర్చేముంది? ఈసారి నుంచి బిల్లు కాపీ పెట్టెలోనే పెట్టమను.

లీడ్స్_బుజ్జి: ఫోన్ చేశా. బిల్లు ఉందట. మరి 6,000 ఎందుకు రాయించావమ్మా అంటే, "మీ అత్తగారు అక్కడే ఉందిగా, పెట్టె మీద చూస్తే ఏమనుకుంటుంది?" అంది.