అప్‌డేట్: ఇంట్లోనే చదివి జర్మన్ ఏ1 (మొదటి లెవెల్) పరీక్ష పాసయ్యాను
కోచింగ్ ఫీజు కట్టలేను, ఇంట్లోనే జర్మన్ నేర్చుకోవడానికి తక్కువ ఖర్చులో ఏం వాడాలి, యాప్ సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలా అని ఆరు నెలల కింద అడిగాను కదా, మొన్న రిజల్ట్ వచ్చింది, 100కి 60 వస్తే పాస్, నాకు 81 వచ్చాయి! సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండి.

బాగా పనికొచ్చింది డాయిచ వెల్లె (జర్మనీ బ్రాడ్‌కాస్టర్) వాళ్ల ఫ్రీ వీడియో కోర్సు, దాంతోపాటు ఆంకీ అనే ఫ్లాష్‌కార్డ్ యాప్, అది ఆండ్రాయిడ్‌లో ఫ్రీనే, ఐఫోన్‌లో మాత్రం కొనాలి. ప్రతి నామవాచకాన్నీ దాని ముందు వచ్చే డెర్, డీ, డాస్ (లింగాన్ని బట్టి మారే ఆర్టికల్స్)తో కలిపి కార్డు రాసుకోమన్న అక్కకి స్పెషల్ థ్యాంక్స్, విడిగా బట్టీ పట్టుంటే అన్నీ కలిసిపోయేవి. ఈ పరీక్ష పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో మోడల్ పేపర్లు కూడా ఫ్రీగానే ఉన్నాయి, అవి తప్పకుండా చేయండి. స్పీకింగ్‌లో పేరు స్పెల్లింగ్, నంబర్లు అడుగుతారు, అవి రోజూ పైకి చదివి ప్రాక్టీస్ చేశా.

సబ్‌స్క్రిప్షన్, లావు డిక్షనరీ అసలు అవసరమే పడలేదు.