టర్బో కారు లాగడం లేదు: బైపాస్ వాల్వ్ పోయిందా, టర్బోనే పోయిందా?

సందేహం:
మాది టర్బో పెట్రోల్ కారు, మాన్యువల్ గేరు. పది రోజులుగా పికప్ బాగా తగ్గింది. నెమ్మదిగా నడిపితే తేడా తెలియదు. ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కితే మాత్రం బండి లాగదు, గాలి బుస్సుమని పోతున్న శబ్దం వస్తోంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పి0299 అని చూపించింది. మెకానిక్ గారు టర్బో మార్చాల్సిందే అంటున్నారు. బైపాస్ వాల్వ్ పోయినా ఇలాగే ఉంటుందని విన్నాను. అది ఎలా చూసుకోవాలో తెలిసినవారు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తొందరపడి టర్బో మార్చకండి. పి0299 అంటే ఇంజిన్ కంప్యూటర్ అడిగినంత బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి) రావడం లేదని, అంతే. ఎందుకు రావడం లేదో ఆ కోడ్ చెప్పదు. టర్బో బాగానే ఉండి, అది నొక్కిన గాలి దారిలో ఎక్కడైనా కారిపోతున్నా ఇదే కోడ్ పడుతుంది.

గట్టిగా తొక్కుతూ ఒక్కసారిగా కాలు తీస్తే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) మూసుకుంటుంది. టర్బో మాత్రం అదే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. నొక్కిన గాలికి పోయే దారి లేక వెనక్కి వచ్చి కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) రెక్కల మీదే కొడుతుంది. అప్పుడు ఆ గాలిని కంప్రెసర్‌కు ముందున్న పైపులోకి మళ్లించడమే బైపాస్ వాల్వ్ పని. దీన్ని వేస్ట్‌గేట్‌తో కలిపి అయోమయపడకండి, అది ఎగ్జాస్ట్ వైపు ఉంటుంది.

అందుకే నేను మొదట అడిగేది ఒకటే: ఇబ్బంది తొక్కినప్పుడా, కాలు తీసినప్పుడా? తొక్కినప్పుడైతే మూసుకుని ఉండాల్సిన వాల్వ్ గాలి వదిలేస్తోందేమో చూడాలి. కాలు తీసినప్పుడు పావురం రెక్కలు కొట్టుకున్నట్టు టపటపమని వినిపిస్తే అది తెరుచుకోవడం లేదేమో చూడాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకం. వాల్వ్‌కి సన్నటి రబ్బరు హోస్ ఉందా, కరెంటు వైర్ల కనెక్టర్ ఉందా చూసి చెప్పండి.

మరొకరు:
ఒక్క మాట. తొక్కినప్పుడు ఆర్‌పీఎం గబగబా పెరిగి, బండి వేగం మాత్రం పెరగకపోతే అది క్లచ్ జారడం. దాన్ని టర్బో మీదకు నెట్టొద్దు.

అడిగినవారు:
లేదండీ, ఆర్‌పీఎం కూడా నెమ్మదిగానే ఎక్కుతోంది. వాల్వ్‌కి వైర్లు లేవు, పైన సన్నటి హోస్ ఉంది.

జవాబు:
అయితే మీది వాక్యూమ్‌తో పనిచేసే రకం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి, టర్బో చుట్టుపక్కల చెయ్యి తగిలితే బాగా కాలుతుంది. వాల్వ్ విప్పకముందే ఆ సన్నటి హోస్‌ని రెండు కొసల దగ్గర వంచి చూడండి. పగుళ్లు సాధారణంగా అక్కడే వస్తాయి. ఆ పగులులోంచి బయటి గాలి లోపలికి పోతే ఐడ్లింగ్ కూడా గరగరలాడుతుంది, పి0171 (గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందనే కోడ్) పడొచ్చు. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచేది) పైపుల క్లాంపులు కూడా చూడండి. పైపుల అతుకు దగ్గర తాజాగా నూనె తడి కనిపిస్తే గాలి అక్కడ కారుతోందేమోనని అనుమానించాలి.

అవన్నీ బాగుంటే వాల్వ్ బయటికి తీయండి. అడుగున ఉన్న పిస్టన్‌ని వేలితో లోపలికి నొక్కి పట్టుకుని, హోస్ తగిలించే ముక్కును రెండో చేతి వేలితో గట్టిగా మూసి, అప్పుడు పిస్టన్‌ని వదలండి. డయాఫ్రమ్ (వాల్వ్ లోపలి రబ్బరు పొర) బాగుంటే పిస్టన్ లోపలే నిలబడుతుంది. చిరిగితే స్ప్రింగ్ దాన్ని వెంటనే తోసేస్తుంది. చేతి వాక్యూమ్ పంపు దొరికితే ఇంకా మంచిది, వాల్వ్ తెరుచుకున్నాక పంపు మీటరు ముల్లు దిగకుండా నిలబడాలి. డయాఫ్రమ్ లేకుండా పిస్టన్, రింగులతోనే పనిచేసే వాల్వులకు మాత్రం ఈ వేలి పరీక్ష సరిపోదు, వాటిలో కాస్త గాలి జారడం మామూలే.

మరొకరు:
మా బండిది వైర్లున్న రకం. అలాంటివారి కోసం చెబుతున్నాను: పి0033, పి0034, పి0035 పడితే వైరింగ్, సోలెనాయిడ్ కాయిల్ (కరెంటుతో వాల్వ్‌ని కదిలించే తీగచుట్ట) వైపు వెతకండి. కాయిల్ తెగిందో లేదో మల్టీమీటర్ చెబుతుంది. పి2261 అయితే వాల్వ్ కదలికలోనే లోపం అని అర్థం. వాల్వ్‌కి కరెంటు ఇస్తే టక్కుమని శబ్దం వచ్చింది కదా, బాగుందిలే అనుకుని నేను నెల రోజులు పోగొట్టుకున్నాను. కాయిల్ బాగానే ఉంది, లోపలి రబ్బరు చిరిగింది. విప్పి కళ్లతో చూడాల్సిందే.

అడిగినవారు:
హోస్‌లు, క్లాంపులు బాగున్నాయి. వేలి పరీక్షలో పిస్టన్ క్షణం కూడా ఆగలేదు. వెలుతురుకు ఎత్తి చూస్తే రబ్బరు అంచున చీలిక కనిపించింది. కొత్త వాల్వ్ వచ్చేదాకా ఆ దారి మూసేసి నడపవచ్చా?

జవాబు:
వద్దండీ. మూసేస్తే కాలు తీసిన ప్రతిసారీ ఆ గాలి దెబ్బ టర్బో రెక్కలకు, బేరింగులకు తగులుతుంది. బయటికి వదిలే వాల్వ్ కూడా పెట్టకండి. మాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) కొలిచి పంపిన గాలి బయటికి పోతే, ఆ లెక్క ప్రకారం పడిన పెట్రోలు ఎక్కువై బండి తడబడుతుంది. పాత వాల్వే పెట్టుకుని, గట్టిగా తొక్కకుండా నడపండి.

కొత్తది బిగించేటప్పుడు ఓ-రింగ్ కూడా కొత్తదే వేయండి. తర్వాత కోడ్ చెరిపేసి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో తొక్కుతుండగా పక్కన కూర్చున్నవారిని స్కానర్ చూడమనండి. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ దగ్గరదగ్గరగా నడవాలి. అప్పటికీ తేడా ఉంటేనే వేస్ట్‌గేట్, ఆ తర్వాతే టర్బో.

అడిగినవారు:
కొత్త వాల్వ్ వేశాను. బుస్సు శబ్దం పోయింది, రెండు అంకెలూ కలిసే ఎక్కుతున్నాయి. లైటు మళ్లీ వెలగలేదు. టర్బో ముట్టుకోలేదు. ఓపికగా చెప్పినందుకు మీ ఇద్దరికీ ధన్యవాదాలు.