సంక్రాంతి అయిపోయింది. కొలువూ లైట్లూ ఎత్తెయ్యాలా, చలి పోయేదాకా ఉంచొచ్చా?

మంచుముగ్గు (డెట్రాయిట్ దగ్గర), జనవరి 18, 2026
పిల్లల గొడవ పడలేక నవంబరు చివర్లో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు పెట్టాం. జనవరి మొదటి వారంలో దాని మీది బంతులూ గంటలూ తీసేసి, చెట్టునీ లైట్లనీ అలాగే ఉంచి, ముందు మూడు మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టాను. మెట్లంటే ఏముంది, అట్టపెట్టెల మీద మా అమ్మ పాత పట్టుచీర. పైన దశావతారాలు, మధ్యలో ఏటికొప్పాక లక్క బొమ్మలు, కింద కొండపల్లి అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే కల్లుగీత అతను. పండగ అయిపోయింది. (14నా 15నా అన్న గొడవ ఇక్కడ వద్దు, మీకు దణ్ణం పెడతాను.)

రేపు మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కాబట్టి మొత్తం సర్దేద్దామంటున్నాడు మా ఆయన. నాకు తియ్యబుద్ధి కావట్లేదు. తీస్తే ఆ మూల బోసిగా ఒక గోడ. అయిదున్నరకల్లా పొద్దు కుంకుతోంది. వాకిట్లో వేసిన ముగ్గు కూడా మంచు కరగడానికి చల్లిన ఉప్పులో కలిసిపోయింది. శివరాత్రి దాకా కొలువూ లైట్లూ ఉంచేస్తే తప్పా?

పొనికి
తప్పే. మా ఇంట్లో కనుమ రాత్రి హారతిచ్చి, ఒక బొమ్మని పడుకోబెట్టి, మర్నాడు ఎత్తేసేవాళ్ళం. ఇప్పటికే ఆలస్యం చేశారు. ఇవాళ చొల్లంగి అమావాస్య, ఇవాళ మాత్రం ఎత్తకండి.

కరివేపాకు
అంటే తియ్యాలా వద్దా?

పొనికి
రేపు తియ్యాలి.

హెచ్ఓఏ_బాధితుడు
లైట్లు బయటివా, లోపలివా? బయటివైతే మీ కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం (హెచ్ఓఏ) రూల్స్ చూడండి. మా కాలనీలో జనవరి 15 గడువు. పోయినేడు దీపావళికి కట్టిన దండ సంక్రాంతి దాకా ఉంచాను. 17న ఉత్తరం వచ్చింది, ఫోటోతో సహా. ఫోటోలో మా ఆవిడ నైటీలో తలుపు తీస్తూ ఉంది. ఆ ఫోటో ఎవరు తీశారని అడిగితే ఇప్పటికీ జవాబు లేదు.

మంచుముగ్గు
లోపలివేనండీ. కిటికీలోంచి కనిపిస్తాయి, అంతే.

హెచ్ఓఏ_బాధితుడు
కనిపిస్తే చాలు వాళ్ళకి.

చలిమంట
అమ్మా, చెట్టు సంగతి ముందు చూడండి. నరికి తెచ్చిన చెట్టు నాలుగు వారాలు దాటాక నీళ్ళు తాగడం మానేస్తుంది. ఆకు ముట్టుకుంటే రాలుతుంది. ఆ దశలో ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, భోగిమంట ఇంట్లోనే. జనవరిలో చాలా ఊళ్ళలో మునిసిపాలిటీ బండి వచ్చి తీసుకుపోతుంది, పొట్టు చేసి పార్కుల్లో చల్లుతారు. దాని ముందు కర్రబొమ్మలు పెట్టారంటే నాకు గుండె దడగా ఉంది.

మంచుముగ్గు
ప్లాస్టిక్ చెట్టని మొదటి లైన్లోనే రాశాను కదండీ.

చలిమంట
ప్లాస్టిక్‌దైనా లైట్ల వైరు పాతదైతే ప్రమాదమే.

పొనికి
ఆ చెట్టు సంగతి వదిలెయ్యండి. బొమ్మల సంగతి ఎవరికీ పట్టడం లేదు. కొండపల్లి బొమ్మ తెల్లపొనికి కర్ర. తేలిక, మెత్తన. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ అతుకు కృష్ణా ఒడ్డు గాలికి అలవాటు పడింది. మీ ఇంట్లో హీటరు రాత్రింబగళ్ళు తిరుగుతుంది, తేమ 20 శాతానికి పడిపోతుంది. కర్ర ముడుచుకుంటుంది, మక్కు ముడుచుకోదు. అతుకు విడుతుంది. ఏటికొప్పాకవి అంకుడు కర్ర, లేతు మీద తిప్పినవి, వాటికి ఇంత బాధ లేదు. నాలుగు రోజులంటే సరే. శివరాత్రి దాకా అంటే కల్లుగీత అతను చెట్టు దిగడు, పడతాడు.

కరివేపాకు
హ్యూమిడిఫయర్ పెట్టుకుంటే పోతుందిగా బాబాయ్. మా కరివేపాకు మొక్కకి అదే పెట్టాం, 40 దగ్గర ఉంటుంది.

గోదారిగట్టు
ఈ చలిలో 40 పెడితే కిటికీ అద్దాల మీద నీళ్ళు కారతాయి. మా ఇంట్లో కిటికీ చెక్క నల్లబడి బూజు పట్టింది. 30 చాలు.

కరివేపాకు
మాకు కారలేదు.

గోదారిగట్టు
కర్టెన్ వెనక చూడండి.

నక్షత్రం
ఇంతసేపు చదివి ఒక మాట అడుగుదామని వచ్చాను. మాది గుంటూరు జిల్లా. డిసెంబరు మొదట్లో గుమ్మం మీద కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు పెట్టేవాడు నాన్న. జనవరి 6 దాకా ఉండేది, యేసుని చూడ్డానికి జ్ఞానులు వచ్చిన పండగ కదా ఆ రోజు. ఇక్కడా అదే అలవాటు. రెండేళ్ళ క్రితం న్యూ ఇయర్ పాట్‌లక్‌కి మా ఇంటికొచ్చిన మన తెలుగావిడ “ఇంకా తియ్యలేదా మీ స్టారు, పండగైపోయిందిగా” అంది. అదే ఆవిడ ఇంట్లో చెట్టు సంక్రాంతి దాకా ఉంది. అదేంటంటే “ఇది వింటర్ డెకరేషన్ అండీ” అంది. అంటే మా పండగ మీ ఇంటికొస్తే డెకరేషన్, మా ఇంట్లో ఉంటే ఆలస్యమా?

మంచుముగ్గు
నేను ఆవిణ్ణి కాదు. చెట్టు పిల్లల కోసం పెట్టింది. దానికి మతం అంటగట్టే ఉద్దేశం నాకు లేదు.

నక్షత్రం
నేనంటున్నదీ అదే. మీకు ఉద్దేశమే లేదు.

పొనికి
ఆమె అన్నది నిజం. నా మాటా అదే, కొలువు గురించి. పూజలా పెట్టి, శివరాత్రి దాకా షోకేసు చేస్తానంటారు. రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోండి. ఈ కాలం పిల్లలకి ప్రతిదీ డెకరేషనే.

మంచుముగ్గు
బాబాయ్ గారూ, పొద్దుట్నుంచీ కర్ర, మక్కు, తేమ అని తిప్పి తిప్పి ఇప్పుడు పిల్లల మీదికి వచ్చారు. మీ కోపం నా బొమ్మల మీద కాదనిపిస్తోంది. మీ ఇంట్లో ఎవరో ఏదో అన్నట్టున్నారు, ఆ అక్కసు నా మీద చూపించకండి.

(ఆ తర్వాత ఆరు గంటలు ఎవరూ రాయలేదు. కరివేపాకు ఒక్కసారి వచ్చి తన మొక్క ఫోటో పెట్టి వెళ్ళాడు.)

పొనికి, జనవరి 19
అవును, ఉంది. మా ఇంట్లో బొమ్మలు మా ఆవిడ ముప్పయ్యేళ్ళు ఒక్కొక్కటీ కొన్నది. ఏటా పుష్యమాసంలో భోషాణంలోంచి తీసి, తుడిచి, ఎవరి చెయ్యి ఊడిందో చూసేది. ఆమె పోయాక నాతో పాటు న్యూజెర్సీ తెచ్చాను. కోడలు వాటిని ఫైర్‌ప్లేస్ గట్టు మీద వరసగా పెట్టింది. అందంగానే పెట్టింది, కాదనను. వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటారు. మార్చికల్లా వరాహమూర్తి చెయ్యి ఊడింది. ఆ మరుసటి సంక్రాంతికి కొలువు పెడదామంటే “ఆల్రెడీ ఉన్నాయిగా మావయ్యా” అంది. తప్పుగా అనలేదు. కానీ ఎత్తకపోతే మళ్ళీ పెట్టడానికేముంది? మూడేళ్ళుగా మా ఇంట్లో కొలువు లేదు. బొమ్మలున్నాయి.

మంచుముగ్గు
నిన్నటి మాటకి సారీ బాబాయ్ గారూ. నా సంగతీ చెప్తాను. పేరంటానికి పదకొండు మందిని పిలిచాను. గురువారం, ఆఫీసులు, పైగా రోడ్ల మీద మంచు గడ్డకట్టింది. ఇద్దరొచ్చారు. పసుపూ కుంకుమా పొట్లాలు తొమ్మిది మిగిలాయి. భోగిపళ్ళకి రేగుపళ్ళు దొరక్క కొరియన్ కొట్లో ఎండువి కొన్నాను, అవీ సగం అలాగే ఉన్నాయి. ఎవరూ చూడకుండానే ఎత్తెయ్యడానికి మనసొప్పలేదు. బోసి గోడ అని రాశాను గానీ, అసలు సంగతి ఇదీ.

గోదారిగట్టు
దీనికి శివరాత్రి దాకా ఎందుకు? మా వైపు గొబ్బెమ్మల్ని పిడకలు కొట్టి రథసప్తమి దాకా దాచి, ఆ పిడకల మీదే పాలు పొంగించి పరమాన్నం వండుతారు. సంక్రాంతి తాలూకువి అప్పటిదాకా ఇంట్లో ఉండటం కొత్తేం కాదు. ఈ ఏడు రథసప్తమి 25న, ఆదివారం. ఆ తొమ్మిది మందినీ అప్పుడు పిలవండి.

పొనికి
మా ఇంట్లో ఆ ఆనవాయితీ లేదు.

గోదారిగట్టు
మీ ఇంట్లో కాదు కదండీ, ఆవిడ ఇంట్లో.

పొనికి
ఆ రాత్రి హారతిచ్చి, సోమవారం పొద్దున్నే ఎత్తెయ్యాలి. అప్పటిదాకా హీటరు గాలి వచ్చే చోటికి ఆ మెట్లు దూరంగా జరపండి. నేల మీద జాలీ ఉంటుంది కదా, దానికి ఆరడుగులన్నా ఎడం ఉండాలి.

మంచుముగ్గు
రెండడుగుల్లో ఉంది. ఇప్పుడే జరుపుతున్నాను. తొమ్మిదిమందికీ మెసేజ్ పెట్టాను, ఆరుగురు వస్తామన్నారు. చెట్టు మాత్రం ఇవాళే తీసి పెట్టెలో పెట్టేశాం.

నక్షత్రం
చెట్టు తియ్యమని నేననలేదు. నేనడిగింది వేరు.

హెచ్ఓఏ_బాధితుడు
ఆరుగురంటే ఆరు కార్లు. వీధిలో పార్కింగుకి మీ కాలనీ రూల్ ఏంటో చూసుకోండి.

మంచుముగ్గు
బాబాయ్ గారూ, మెట్లు జరుపుతుంటే కల్లుగీత అతని ఎడమ చెయ్యి చేతికొచ్చేసింది. మక్కు ఎలా చేసుకోవాలి? చింతగింజలు ఇండియన్ కొట్లో దొరుకుతాయా?

పొనికి
నేను వరాహమూర్తికి ఫెవికాల్ పెట్టాను. రబ్బరు బ్యాండు వేసి ఒక రాత్రి కదపకండి. నిలుస్తుంది. అతుకు దగ్గర రంగు కాస్త తేడాగా కనిపిస్తుంది, అంతే.