సంగీత పురస్కారాల ప్రసారాలను ప్రేక్షకులు ఇంకా పట్టించుకుంటున్నారా?

ప్రశ్న – శ్రుతిలహరి

గ్రామీ వంటి సంగీత పురస్కారాల కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరి దాకా టీవీ ముందు కూర్చుని చూసేవారు ఇంకా ఉన్నారా, ఉంటే దేనికోసం చూస్తున్నారు? మైకేల్ జాక్సన్ ఒకే రాత్రి 8 గ్రామీలు అందుకున్న 1984లో ఆ ప్రసారాన్ని అమెరికాలో 5 కోట్ల మందికి పైగా చూశారు. 2021లో ఆ సంఖ్య 90 లక్షలకు కూడా చేరలేదు. గెలిచినవారి పేర్లు క్షణాల్లో ఫోనుకు వచ్చేస్తున్నాయి, నచ్చిన గాయని పాడిన నాలుగు నిమిషాల పాట మర్నాటికి యూట్యూబ్‌లో దొరుకుతోంది. ఏ పాటను ఎంతమంది వింటున్నారో స్పాటిఫై ఎప్పటికప్పుడు లెక్క చూపిస్తూనే ఉంది. అటువంటప్పుడు గ్రామీలు ఇచ్చే అకాడమీ సభ్యులు ఓట్లు వేసి తేల్చిన తీర్పుకు శ్రోత ఎంత విలువ ఇవ్వాలి? ఈ కార్యక్రమాలను కొట్టిపారేయాలని నాకు లేదు. ఇప్పటికీ శ్రద్ధగా చూసేవారు కారణం చెబితే తెలుసుకోవాలని ఉంది.

సమాధానం – పాతరికార్డు

శ్రుతిలహరి గారూ, 2021ని కొలమానంగా తీసుకోవడం సరికాదని నా అభిప్రాయం. అది కోవిడ్ కాలం, ఎప్పటిలా ప్రేక్షకులతో నిండిన సభ కూడా లేదు. 2024 నాటికి చూసినవారి సంఖ్య తిరిగి కోటీ 69 లక్షల దాకా పెరిగింది. పాత రోజుల స్థాయి రాదన్నది నిజమే కానీ, చానళ్లు తక్కువగా ఉన్న కాలంతో పోలిస్తే టీవీలో వచ్చే ఏ కార్యక్రమానికైనా అదే పరిస్థితి.

2012 సంగతి కూడా గుర్తు చేయాలి. ప్రఖ్యాత అమెరికన్ గాయని విట్నీ హ్యూస్టన్ మరణించిన మర్నాడే గ్రామీ సభ జరిగింది. ఆ రాత్రి వ్యాఖ్యాత కార్యక్రమం మొదట్లోనే ప్రార్థన చేశారు, గాయని జెనిఫర్ హడ్సన్ విట్నీ పాడిన పాటనే పాడి నివాళి అర్పించారు, దాదాపు 4 కోట్ల మంది ఆ ప్రసారం చూశారు. ఆ పాటను తర్వాత విడిగా ఎన్నిసార్లయినా చూడవచ్చు. అయితే ఒక గొంతును ప్రేమించినవారంతా ఒకే సమయంలో దుఃఖాన్ని పంచుకోవడం మాత్రం మర్నాడు చూసే వీడియోలో దొరకదు.

సమాధానం – తాళజ్ఞ

నా ఫిర్యాదు వేరు. టీవీలో వచ్చేది పురస్కారాల సభ అని మనం అనుకుంటున్నాం కానీ, పురస్కారాల్లో చాలా భాగం అక్కడ ఇవ్వనే ఇవ్వరు. 2024లో ఉన్న 94 విభాగాల్లో 80కి పైగా మధ్యాహ్నం జరిగే మరో సభలోనే ముగిసిపోయాయి. జాకిర్ హుస్సేన్ గారు ఆ ఏడాది మూడు గ్రామీలు గెలిచారు, అందులో ఒకటి ‘శక్తి’ బృందం ఆల్బమ్‌కు వచ్చింది. ఆ మూడూ మధ్యాహ్నపు సభలో ఇచ్చినవే. అదే ఏడాది డిసెంబరులో ఆయన కన్నుమూస్తే, 2025 ఫిబ్రవరిలో టీవీలో చూపిన స్మృత్యంజలిలో ఆయన పేరు లేదు. తబలాను ప్రపంచ వేదికల మీద అంత ఎత్తున నిలబెట్టిన మనిషికి తెర మీద కొన్ని క్షణాలైనా కేటాయించకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

అయినా పురస్కారం అనవసరమని నేను అనను. గ్రామీ ఓటర్లు గాయకులు, రచయితలు, వాద్యకారులు, సౌండ్ ఇంజనీర్లు. తోటి కళాకారుల మెప్పు ఎంతమంది విన్నారన్న లెక్కల్లో కనిపించేది కాదు. జాజ్‌లోనో, శాస్త్రీయ సంగీతంలోనో ఉన్నవారికి ఆ గుర్తింపుతోనే కొత్త శ్రోతలు ఏర్పడతారు. అందుకే, మధ్యాహ్నపు సభను యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూడమని నా సలహా. అక్కడ హంగులు తక్కువ, పేరు పిలవగానే కళాకారులు వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళతారు, కానీ సంగీతంలో ఎన్ని దారులు ఉన్నాయో అక్కడే కనిపిస్తుంది.

సమాధానం – చరణదాసు

తాళజ్ఞ గారి మాటతో ఏకీభవిస్తూనే, సాయంత్రపు ప్రసారం తరఫున ఒక్క ఉదాహరణ చెబుతాను. 2024లో గాయని ట్రేసీ చాప్‌మన్, గాయకుడు ల్యూక్ కూంబ్స్ కలిసి చాప్‌మన్ 1988 నాటి పాట ‘ఫాస్ట్ కార్’ పాడారు. మొదట తెర మీద గిటారు తీగలను మీటుతున్న వేళ్లు మాత్రమే కనిపించాయి, ఆ తర్వాత కెమెరా చాప్‌మన్ ముఖాన్ని చూపింది. ఎన్నో ఏళ్లుగా వేదికలకు దూరంగా ఉన్న ఆమె చిరునవ్వుతో పాడుతుంటే, పక్కన నిలబడిన కూంబ్స్ ఆమె వంతు వచ్చినప్పుడు కూడా పెదవులు కదుపుతూ లోలోపల పాడుకున్నారు, చివరికి ఆమెకు తల వంచి నమస్కరించారు. ఆ పాటను తాను మళ్లీ పాడి విడుదల చేసినందుకు కూంబ్స్ పోటీ పడిన ‘కంట్రీ’ (అమెరికా గ్రామీణ శైలి సంగీతం) విభాగంలో గ్రామీ మరొకరికి వెళ్లింది. అయినా కొద్ది గంటల్లో చాప్‌మన్ పాత రికార్డింగు, పాటలు అమ్మే ఐట్యూన్స్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది.

తీర్పుల మీద నమ్మకం తగ్గిన మాట వాస్తవం. తన పాట ‘బ్లైండింగ్ లైట్స్’ అంతగా మారుమోగిన తర్వాత కూడా 2020 నవంబరులో గాయకుడు ద వీకెండ్‌కు ఒక్క నామినేషన్ అయినా రాకపోవడంతో పెద్ద దుమారం రేగింది, 2021లో అకాడమీ నామినేషన్లను తేల్చే రహస్య కమిటీలను రద్దు చేసింది. ఎవరికీ పట్టని పురస్కారం గురించి అంతమంది కోపగించుకోరు కదా.

శ్రుతిలహరి

అందరికీ ధన్యవాదాలు. మీ మాటలు చదివాక నా అభ్యంతరం పురస్కారాల మీద కంటే, టీవీకి ఏది పనికొస్తుందని నిర్ణయించే పద్ధతి మీదే ఎక్కువని స్పష్టమైంది. 1973 నుంచి సీబీఎస్‌లో వస్తున్న గ్రామీ ప్రసారం 2027 నుంచి డిస్నీ వారి ఏబీసీకి మారుతుందని ప్రకటించారు. నిర్వాహకులు ఆ మార్పుతో పాటు మధ్యాహ్నపు విభాగాల్లో కనీసం రెండింటిని, గెలిచినవారి కచేరీతో సహా, ప్రధాన ప్రసారంలోకి తీసుకురావాలి. అలా చేస్తే నేను మొదటి నుంచి చివరి దాకా చూస్తాను.